చెరిపేసిన ఫైలు

ఆసుపత్రి పై అంతస్తు ఆఫీసులో యాప్ మొరాయించింది. యాప్‌లోని రోగుల పట్టికలో మార్పులు చేసే మైగ్రేషన్ ఫైళ్ళు రెండు, టీమ్ లీడ్‌ది ఒకటి, పక్క సీటు అమ్మాయిది ఒకటి, ఢీకొన్నాయి.

"నీది పీకెయ్. అసలు నిన్నెవరు వేలు పెట్టమన్నారు?" అన్నాడు లీడ్ అందరి ముందూ.

"రెండూ ఉంచి, కలిపే ఫైలు ఇంకోటి రాద్దాం, అన్నా," అంది ఆ అమ్మాయి.

అతను వినకుండా ఆమె ఫైలును తనే చెరిపేశాడు. యాప్ లేచింది. అప్పుడు తీరిగ్గా అడిగాడు. "ఇంతకీ ఏం చేర్చావందులో?"

"చెవులు వినపడని వాళ్ళ పేరు పక్కన ఒక గుర్తు. అది చూసి నర్సులు పేరు పిలిచి ఊరుకోకుండా దగ్గరికెళ్ళి చెప్తారని." ఆమె గొంతు తగ్గించింది. "మొన్న మీ అమ్మగారు కింద డాక్టరు గది బయట సాయంత్రం దాకా కూర్చుండిపోయారు, అన్నా. పిలిచింది వినపడలేదు. నేనే చూసి లోపలికి తీసుకెళ్ళాను. మీకు చెప్పొద్దన్నారు."

ఇంటికి ఆలస్యంగా వచ్చిందని మొన్న రాత్రి అమ్మను కసురుకున్నది అతనికి గుర్తొచ్చింది.

లేచి తన కుర్చీ ఆమెకిచ్చాడు. "నీ ఫైలు మళ్ళీ పెట్టి, రెండూ కలిపెయ్యమ్మా," అన్నాడు, ముఖం చూడలేక.