గుమ్మం బయట కుర్చీ

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బు పట్టింది, కురవలేదు. ఎండా రాలేదు.

తాళాల బావ స్కూటర్ దిగి, ఖాళీ చేయించిన కింది వాటా తలుపు తీశాడు.

ఆస్పత్రి వెనక వీధిలో రెండు వాటాల ఇల్లు అది. పై వాటాను రోజుల లెక్కన అద్దెకిస్తాడు. అలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయి అతనికి. గేటు పక్కన తాళంచెవి ఉండే పెట్టె, అది తెరిచే నంబరు ఫోన్లో పంపుతాడు. వచ్చినవాళ్ళే తీసుకుంటారు, వాళ్ళే వేసి వెళ్తారు. ఒకరి మొహం ఒకరు చూసే పనే లేదు.

తాళాల బావ అన్నది బావమరిది తగిలించిన పేరు.

కింది వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటే వచ్చిన అద్దెదారు.

పై వాటా గుమ్మం దగ్గర పెట్టిన కెమెరాలో ఆయన కనబడితే చాలు, తాళాల బావకు ఒళ్ళు మండేది. పెద్దాయన కుర్చీ మోసుకుంటూ మెట్లెక్కి, అద్దెకొచ్చినవాళ్ళ గుమ్మం బయట దిష్టిబొమ్మలా కూర్చునేవాడు.

"చూడు, పరాయివాళ్ళ గుమ్మంలో ఈయనకేం పని? ఇలాగైతే వచ్చినవాళ్ళు మళ్ళీ రారు," అన్నాడు భార్యతో.

"వాళ్ళేమైనా అన్నారా?"

"వెళ్ళాక వాళ్ళు ఫోన్లో రాసేవన్నీ మెచ్చుకోళ్ళే. ఓనరు మంచివారు, సొంత మనిషిలా చూసుకున్నారు అని."

"మొహం చూపించకుండానే మంచివారైపోయారన్న మాట మీరు."

"పనితనం అలాంటిది," అన్నాడు మీసం సవరించుకుంటూ.

ఆ వారమే పెద్దాయనకు కబురు చెప్పాడు.

"మీ వాటా కూడా రోజుల లెక్కన ఇద్దామనుకుంటున్నానండీ. వేరే ఇల్లు చూసుకోండి."

పెద్దాయన కాసేపు మెట్ల వైపు చూశాడు.

"సరే బాబూ. పైకొచ్చేవాళ్ళంతా రోగుల తాలూకు మనుషులు. ఎవరో ఒకరు..."

"అవన్నీ నేను చూసుకుంటాలెండి."

పెద్దాయన సామాను సర్దుకున్నాడు. కుర్చీ ఒక్కటీ వదిలేసి వెళ్ళాడు.

ఇప్పుడు తాళాల బావ కర్టెన్ల కోసం కిటికీ కొలుస్తున్నాడు. గేటు చప్పుడైంది. భార్యాభర్తలిద్దరు లోపలికొచ్చారు. ఆమె చేతిలో క్యారియరు.

"పెద్దాయన ఉన్నారా అండీ?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"ఖాళీ చేయడమేంటి? సొంతిల్లు కదా ఆయనది?"

తాళాల బావ కొలిచే టేపుతోనే ఇటు తిరిగాడు.

"మా ఆయన ఆపరేషనప్పుడు పైన ఉన్నాను," అందామె. "ఒక్కదాన్నే. ముద్ద దిగేది కాదు. ఆయన గుమ్మం బయట కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చునేవారు. నేనిక్కడే ఉన్నా, నువ్వు తినమ్మా అనేవారు. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. నేను చెయ్యి కడుక్కున్నాకే లేచేవారు."

"ఓనరంటే అలా ఉండాలి," అన్నాడు భర్త. "అదే రాశాం కూడా. ఇవాళ చెకప్‌కొచ్చాం. నన్ను ఆయన చూడనేలేదు కదా, చూపిద్దామని ఇటొచ్చాం."

తాళాల బావ చేతిలోని టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది.

"ఎక్కడికెళ్ళారు?" అడిగిందామె.

"అడగలేదండీ."

"మరి మీరెవరు?"



"తాళాలు చూసే మనిషినండీ," అన్నాడు.

ఆమె క్యారియరు వైపు, ఖాళీ గది వైపు చూసింది.

"ఆయన కోసమని తెల్లారకముందే లేచి వండాను. వెనక్కి మోసుకెళ్ళలేను. మీరూ కూర్చోండి అన్నయ్యగారూ."

గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ ఎవరూ ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని, ఆ ఇంటి యజమానికని తెచ్చిన అన్నం ముగ్గురూ తిన్నారు.