నూట పన్నెండో పేజీ

"మీరు నా నవల చదవలేదు. రుజువు ఇదిగో!"

తాళాలు బాగుచేసే ఆయన సమీక్షకుడి అలమారలోంచి తన పుస్తకాన్ని తానే లాగి, బల్లమీద టపీమని కొట్టాడు. ఎడమచేతిలోని గొడుగు మాత్రం వదల్లేదు.

సమీక్షకుడు కళ్లజోడు సర్దుకున్నాడు. "చదవకుండా ఎలా రాస్తానండీ?"

"నేనూ అదే అడుగుతున్నా! 'హంతకుడెవరో ఇరవయ్యో పేజీలోనే తెలిసిపోయింది, మిగతా రెండువందల పేజీలూ ఆ సంగతి డిటెక్టివుకి తెలియడానికే సరిపోయాయి' అని వారపత్రికలో ఎలా రాశారు? ఏదీ, నూట పన్నెండో పేజీ తెరవండి."

సమీక్షకుడు తెరవబోయాడు. రాలేదు. నూట పన్నెండూ, నూట పదమూడూ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

"పత్రికకి పంపేముందు నేనే జిగురు పెట్టా. ముప్ఫై ఏళ్లుగా తాళాలతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఏది తెరిచారో ఏది తెరవలేదో నాకు తెలీదా?"

ఆయన అనుమానం అలాంటిలాంటిది కాదు. తాను వేసిన తాళాన్ని తానే నమ్మక, పెళ్లాం బిడ్డల్ని లోపలే ఉంచి, తలుపు లాగి చూడమనే రకం. అలాంటి మనిషి డిటెక్టివ్ నవల రాయకపోతేనే ఆశ్చర్యం. 'గొళ్లెం పెట్టిందెవరు?' అని పేరుపెట్టి, ప్రచురణకర్తల మీద కూడా అనుమానమే కనక, తనే అచ్చు వేయించుకున్నాడు.

లోపలి గదిలోంచి సమీక్షకుడి భార్య గొంతు వినిపించింది. "ఊరికే వచ్చిన పుస్తకం ఆయన ముట్టుకోరండీ! మొహమాటం వచ్చి పడుతుందట. ఆ అలమారలో ఉన్నవన్నీ అంతే."

"విన్నారా! ఇంటిమనిషే సాక్ష్యం!" తాళాలాయన ముఖం వెలిగిపోయింది.

"నువ్వు కాసేపు ఊరుకోవే," అని లోపలికి కేకేసి, సమీక్షకుడు ఇటు తిరిగాడు. "అసలు సంగతేమిటంటే..."

తాళాలాయన చెప్పనిస్తేగా! "మీరు చదవకపోతే నాకేం లోటు లేదు. చదివినవాడు ఒకడున్నాడు! పుస్తకాల షాపులో ఐదు కాపీలు పెడితే ఒకటి అమ్ముడుపోయింది. పేరు చెప్పి మరీ అడిగి కొన్నాడట. మా బావమరిది నా పుస్తకాన్ని మంచం కోడు కింద పెట్టాడు. మా అల్లుడు అట్ట బాగుందన్నాడు, అదీ వెనక అట్ట. ఈ మహానుభావుడు ఒక్కడే కొనుక్కుని చదివాడు. కొన్న సంబరంలో గొడుగు కూడా షాపులో మరిచిపోయాడు. ఇదిగో, ఇదే!"

గొడుగును పసిబిడ్డలా రెండు చేతులా ఎత్తి చూపించాడు. పిడి విరిగితే ఎవరో ఎర్రతీగ చుట్టి బిగించారు.

"మూడు వారాలుగా మోస్తున్నా. వానలో తడిశాను కానీ దీన్ని విప్పలేదు. ఎక్కడో కనబడతాడు, చేతిలో పెట్టి దణ్ణం పెడతా. రెండో నవల ఆయనకే అంకితం. ఆ ఒక్కడూ లేకపోతే, మీ రాత చదివిన రోజే కలం విరిచి అవతల పారేసేవాణ్ణి."

సమీక్షకుడు గొడుగుకేసి చూశాడు. ముఖంలో రంగు మారింది.

గొడుగుతో రెండు తగిలిస్తానని జడిశాడు, అనుకున్నాడు తాళాలాయన.

"ఒప్పుకుంటున్నానండీ," అన్నాడు సమీక్షకుడు. "చదవలేదు. వచ్చేవారం క్షమాపణ వేయిస్తాను."

"అలా వేస్తే మీ శీర్షిక ఉంటుందా?"

"పోతే పోతుంది."

తాళాలాయన కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన నవలలో ఇంత సులువుగా నేరం ఒప్పుకున్నవాడు హంతకుడు కాడు. "అయితే ఇక్కడే రాసివ్వండి."

సమీక్షకుడు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. తాళాలాయన దాన్ని మూడుసార్లు చదివి, వెలుగుకి పట్టి చూసి, మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. గండం గడిచిందని కాబోలు, సమీక్షకుడికి నాలుక జారింది.

"రెండో నవలలో మాత్రం శవం చేత తుమ్మించకండి. అంతదాకా కథ బాగానే నడిచింది, పాపం."

తాళాలాయన గిరుక్కున తిరిగాడు. శవం తుమ్మేది నూట పన్నెండో పేజీలో. జిగురు లోపల!

వచ్చి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరు చెప్పారు మీకు? ఆ చుట్ట కాల్చే ఆయనే కదూ? నాకు పోటీగా దెయ్యాల నవలలు రాస్తాడే, వాడే! అచ్చాఫీసులో నా ప్రూఫుల మీదికి మెడ చాచినప్పుడే అనుకున్నా."

"ఎవరూ చెప్పలేదండీ. మీకు పుణ్యముంటుంది, వెళ్లిరండి."

"వెళ్లమంటున్నారంటే ఏదో దాస్తున్నారన్నమాట. నిజం తేలేదాకా కదలను."

"నిజంతో మీకేం పని? కాగితం జేబులో ఉంది, గెలిచారు కదా!" సమీక్షకుడు ఇంచుమించు బతిమాలుతున్నాడు. "సరే, కూర్చోండి. ఆ గొడుగు మాత్రం బల్ల కింద పెట్టండి."

"ఎందుకు పెట్టాలి? అసలు దాన్ని చూస్తే మీకెందుకా చెమటలు?" తాళాలాయన గొడుగును ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

అప్పుడే మంచినీళ్ల గ్లాసు పట్టుకుని సమీక్షకుడి భార్య బయటికొచ్చింది. ఎర్రతీగ చూడగానే ఆవిడ ముఖం చేటంత అయింది.

"ఏవండోయ్! ఈయన నవల కొనడానికెళ్లి పోగొట్టుకొచ్చారే, ఆ గొడుగు దొరికింది!"