వాటా తియ్యని రాయి

లోబు చేతిలో రాయిని చూసి, నా భార్య తుమో చేపని సగం కోసి వదిలేసింది.

నిప్పుకోడి గుడ్డంత నల్లరాయి. మా సరస్సు ఒడ్డున ఎంత తవ్వినా బురదే. తుమో అన్న కోరిమ్ ఉండేది నిప్పుల కొండ దగ్గర. ఏటా చెల్లెలికి కత్తిరాయి పంపిస్తాడు. అది గుంపు నుంచి గుంపుకి చేతులు మారుతూ వస్తుంది. మోసిన ప్రతివాళ్ళూ వాటాగా కొంత పెచ్చు కొట్టుకుంటారు. మాకు చేరేది గోరంత.

“మీ అన్న పంపిన కొండ వచ్చింది. కంట్లో పడగలదు, జాగ్రత్త,” అంటాను ఏటా.

“ఇప్పుడను!” అంది తుమో, రాయిని రెండు చేతులా ఎత్తి. “మా అన్న పిసినారా? ఏదీ, ఇప్పుడను!”

నేను రాయిని తిప్పి చూశాను. ఎక్కడా పెచ్చు లేచిన గుర్తు లేదు.

“దారిలో ఎవరికీ కత్తులు అక్కర్లేదా, లోబూ?”

మాకు ఎగువనున్న గుంపువాడు లోబు; రాయి మాకు చేరేది వాళ్ళ చేతి మీదుగానే. వచ్చినవాడు ఇంకా కూర్చోలేదు.

“అక్కరే. అందరూ పట్టుకుని చూశారు. కొట్టడానికి చేతులు రాలేదు.”

“మీ చేతులకేం రోగం?” నవ్వింది తుమో.

“కోరిమ్ మొన్న వానల్లో పోయాడక్కా. ఇదే ఆఖరిది.”

తుమో రాయిని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నీటిగుర్రం ఎముక అందుకుని దాన్ని పెచ్చులుగా కొట్టడం మొదలుపెట్టింది.

“ఇవి మీవి. ఇవి మైదానం వాళ్ళవి. ఈ పెద్దవి కొండ దిగువ వాళ్ళవి. ఎవరి వాటా వాళ్ళకిచ్చెయ్.”

చివరికి గోరంత ముక్క మిగిలింది. దాన్ని నా ముందు పెట్టింది.

“ఇప్పుడను.”

“మీ అన్న పంపిన కొండ వచ్చింది,” అన్నాను. “కంట్లో పడగలదు, జాగ్రత్త.”

“పడింది,” అంది తుమో.