మూడు నెలలకో ఫోను

"ముప్పై ఎనిమిది," అన్నాడు టైలరు, టేపు తన నడుముకే చుట్టుకుని. "పోయిన ఏడాది నలభై నాలుగు. ఆరంగుళాలు కరిగిందిరా."

పక్క కొట్టు కళ్లజోళ్లాయన మొహం మాడిపోయింది. చేతిలో రిపోర్టు మళ్లీ చూశాడు. అంతా శుభ్రంగా ఉంది.

"కొంప ముంచావు కదరా. ఎప్పట్నుంచి ఈ వేషాలు?"

"వేషాలేంటి? చెల్లెమ్మ ఫోన్లో నిన్ను తిట్టిన తిట్లన్నీ వచ్చి నాకు అప్పజెప్పింది నువ్వే. వేపుళ్లు మానమంది, మానేశాను. రోజూ గంట నడవమంది, నడిచాను. తిట్లు నీవైనా కొవ్వు నాదే కదా."

అదీ నిజమే. మందు వాసన కూడా పడని ఈ కళ్లజోళ్లాయన లివర్‌కి కొవ్వు పట్టిందని రెండేళ్ల కిందట డాక్టరు తేల్చాడు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు. ఆ రక్తం వెళ్లేది ఈయన భార్య పనిచేసే ల్యాబుకే. అప్పటికే ఆవిడ అలిగి, ల్యాబు పక్కన గది తీసుకుని ఉంటోంది. ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర ఇద్దరికీ పంతమే. ఆ రిపోర్టు చూశాక మాత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"తెల్లకణాలు పెరిగాయి, లివర్ ఎంజైములు పెరిగాయి. లివర్‌కి కొవ్వు పట్టినవాళ్లలో తరచూ ఇలాగే ఉంటుంది. అసలేం తింటున్నారు? ఎర్రకణాలు మాత్రం పుట్టుకతోనే చిన్నవి, మీ బుద్ధిలాగే," అని పావుగంట దులిపేసింది. ఆ పావుగంటని తలుచుకుంటూ ఆయన మూడు నెలలు బతికాడు.

ఆవిడ చెప్పినట్టే తిని తగ్గాడు. తగ్గగానే ఫోను ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చాడు టైలరు. అతనికీ అదే జబ్బు, ఇంకాస్త ఎక్కువ. సూది గుచ్చే అమ్మాయికి మొహాలు తెలియవు. కాగితం మీద పేరు ఈయనది, చాపిన చెయ్యి టైలరుది. ఏడాదిలో నాలుగు పరీక్షలు, నాలుగు ఫోన్లు.

ఇవాళ ఐదోది. సాయంత్రం ఆరైనా ఫోను మోగలేదు.

"ఇంకో మూడు నెలలు ఆగి తగ్గకూడదూ?" అన్నాడు దిగాలుగా.

"నా లివర్రా అది," అన్నాడు టైలరు. "పోయి మాట్లాడు. నీ పెళ్లామే కదా, పులి కాదు."

ల్యాబులో ఆవిడ ఒక్కతే ఉంది. మిషన్లో ట్యూబులు పెడుతోంది. కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంటే మాటిమాటికీ ముంజేత్తో పైకి తోసుకుంటోంది. అది ఆయన చేతులతో చేసిచ్చిన జోడే.

"రిపోర్టు చూశాను," అంది తలెత్తకుండా. "బాగుంది."

"అందుకేనా ఫోన్ చెయ్యలేదు?"

"బాగున్నవాళ్లకి ఫోన్ చేసి ఏం చెప్పాలి?"

ఇంట్లో నీ గొంతు లేక ఏమీ తోచడం లేదని చెబుదామనే వచ్చాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ జోడు ఇలా ఇవ్వు. మర వదులైంది."

ఆవిడ చేతి తొడుగులు విప్పి, జోడు తీసి ఇచ్చింది. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, రెండు తిప్పులు చాలినచోట పది తిప్పులు తిప్పాడు. అద్దాలు చొక్కా అంచుతో తుడిచాడు. ఇంక తుడవడానికి ఏమీ మిగలక జోడు బల్ల మీద పెట్టాడు.

"వస్తా మరి," అన్నాడు.

"ఆగండి." ఆవిడ సొరుగు లాగి ఐదు రిపోర్టులు బల్ల మీద పరిచింది. "మీ ఎర్రకణాలు చిన్నవని చెప్పాను గుర్తుందా? పుట్టుకతో వచ్చినవి. నడిస్తే పెరిగేవి కావు, తింటే పెరిగేవి కావు. ఏడాదిగా మీ పేరు మీద వస్తున్న రక్తంలో అన్నీ మామూలు సైజువే."

ఆయన రిపోర్టులు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటిసారే. రెండోసారి తొంగిచూస్తే టైలరన్నయ్య చెయ్యి మడుచుకుని కూర్చున్నాడు."

"మరి నాలుగుసార్లు ఫోన్ చేసి నన్నెందుకు తిట్టావు?"

కళ్లజోడు పెట్టుకుంది. అది జారలేదు. బయట ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

"అన్నయ్యకి తగ్గిపోయిందిగా. మీకు ఇంకో లావుపాటి స్నేహితుడెవరూ లేరా?"