తెర వెనక రెండు పియానోలు

“మీ తమ్ముడి పియానో విన్నాక దాని గురించి ఒక్క మంచి మాట చెప్పాలి. అబద్ధం కాకూడదు. నీ పియానో విని వాడూ అంతే. అదీ నా షరతు,” అంది అడెల్‌హైడ్ పిన్ని.

ఇర్మ్‌గార్డ్ మూతి ముడుచుకుంది. హాలు రెండో చివర కూర్చున్న లోథార్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

ఇద్దరూ పియానోలు శ్రుతి చేసేవాళ్ళే. తండ్రి పోయాక క్వెడ్లిన్‌బర్గ్ ఊళ్ళో ఆయన దుకాణం మధ్యన చెక్క గోడ లేచింది. అక్కది పాత పద్ధతి. స్వరాల మధ్య దూరాలు హెచ్చుతగ్గులుగా ఉంచుతుంది. ఒక స్వరం మీద ఎత్తుకుంటే పాట తేనెలా ఉంటుంది, మరోదాని మీద గరగరలాడుతుంది. తమ్ముడు దూరాలన్నీ సమానం చేస్తాడు. ఎక్కడ ఎత్తుకున్నా పాట ఒకేలా ఉంటుంది. ఈ గొడవ మీదే మూడేళ్ళుగా మాటల్లేవు.

ఇప్పుడు ఊరి సంగీతశాల పియానోకు ఏ పద్ధతన్నది తేలాలి. పొద్దున ఈ హాల్లోనే చెరొక పియానో శ్రుతి చేసిపెట్టారు. పిన్ని వాటికి అడ్డంగా తెర కట్టించింది.

“తెరెందుకు పిన్నీ?” అన్నాడు లోథార్.

“నా వంకర వేళ్ళు చూస్తూ కూర్చుంటారని. చెవులతో వినండి. ముందు లోథార్‌ది.”

తెర వెనక నుంచి వాళ్ళమ్మ పాడే జోలపాట మొదలైంది. చేతులు కట్టుకుని కూర్చున్న ఇర్మ్‌గార్డ్, పాట సగమయ్యేసరికి చేతులు ఒళ్ళోకి జార్చింది.

“ఏమ్మా?” అంది పిన్ని లోపలి నుంచే.

“చప్పగా ఉంటుందనుకున్నా. లేదు. నున్నగా సాగిపోయింది. నాన్న చెయ్యి తెలుస్తోంది.”

లోథార్ మొదటిసారి తలతిప్పి చూశాడు.

“ఇక ఇర్మ్‌గార్డ్‌ది.”

మళ్ళీ అదే పాట. అయిపోయాక లోథార్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

“గరగర ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చున్నా. మధ్యలో ఒకచోట స్వరం బరువెక్కింది చూడు, అచ్చం అమ్మ గొంతే. నా పద్ధతిలో అది రాదక్కా.”

“ఏడ్చావులే,” అంది ఇర్మ్‌గార్డ్, తన కళ్ళు తుడుచుకుంటూ. “ఏమైనా తిన్నావా?”

“ప్లమ్ కేకు ఉందా?”

“నీ కోసం చెయ్యలేదు. ఉంది, రా.”

ఏడాదిలో ఆరు నెలలు అక్క పద్ధతి, ఆరు నెలలు తమ్ముడి పద్ధతి అని తేల్చుకున్నారు. చెక్క గోడ ఊడదీయడం గురించి మాట్లాడుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు.

పిన్ని రెండుసార్లూ వాయించింది ఒకే పియానో.