వేళ్ల సందుల్లో

"రెండు కాళ్లు బల్ల మీద పెట్టు," అన్నాడు డాక్టర్ దేవదాస్.

రాజనర్సు పెట్టాడు. వేళ్ల సందుల్లో తోలు తెల్లగా నాని ఊడి వస్తోంది. కోరుట్లలోని ఆ చిన్న దవాఖానాలో, వాసన భరించలేక పక్కనున్న ముసలాయన దూరం జరిగాడు.

"ఏం పురుగు సారూ?" అంది తల్లి మల్లవ్వ.

"పురుగు గాదు, చెట్టు గాదు. బూజు జాతి. పుట్టకొక్కులు, రొట్టె మీది బూజు, గిది, అన్ని అన్నదమ్ములే. తన తిండి తను చేసుకోలేదు. గందుకే నీ కొడుకు తోలు తింటున్నది. తడి, చీకటి దొరికితె సాలు దానికి. కాళ్లను వడియాల లెక్క ఎండవెట్టుండ్రి. నెలకు తగ్గుతది."

మల్లవ్వకు నెల గడువు లేదు. తుపాకులవాళ్లు ఆమె కొడుకు కోసం ఊళ్లు తిరుగుతున్నారు. వాళ్లకు అతని మొహం తెలియదు. అనుమానం వస్తే కాళ్లు చూస్తారట. బూట్లు విప్పకుండా అడవి తిరిగినవాళ్ల వేళ్ల సందులు ఇలాగే నాని చెడతాయి. మొన్న పక్క ఊరి పిల్లవాడిని అలాగే పట్టుకుపోయారు. శవం వచ్చింది.

"గిది బూట్లోళ్లకే అయితదా సారూ?"

"గదేం మాట? నాటేసే ఆడోళ్ల కాళ్లు సూడలేదా? గదే బూజు."

మందు చీటీ బల్ల మీదే వదిలేసి మల్లవ్వ లేచింది.

కొండగట్టు దేవుడి మొక్కు అని చెప్పి కొడుక్కి గుండు చేయించింది. రాయికల్ దగ్గర చెల్లెలు ఇంద్రమ్మ పొలంలో నాట్లు పడుతున్నాయి. అక్కడ బురదలోకి దింపి నారుకట్టలు మోయించింది.

"మంట లేస్తుందే అవ్వా."

"లేవనియ్యి కొడుకా. ఇంక నాననియ్యి."

"ఓ గుండోడా, నారు మోస్తున్నవా, జోల పాడుతున్నవా?" అంది కూలికి వచ్చిన సత్యవ్వ. ఆడవాళ్లంతా నవ్వారు. మల్లవ్వ కూడా నవ్వినట్టు చేసింది.

ఒక మధ్యాహ్నం వాళ్లు గట్టు మీదికి వచ్చారు. భుజాలకు తుపాకులు.

"అందరు కాళ్లు కడిగి గట్టెక్కుండ్రి."

ఎక్కారు.

"గీ గుండోడెవలు?"

"నా పెద్దకొడుకు," అంది ఇంద్రమ్మ. మల్లవ్వ తల ఎత్తలేదు.

ముందున్నవాడు వంగి ఒక్కొక్కరివే చూశాడు. సత్యవ్వ వేళ్లు. ఇంద్రమ్మ వేళ్లు. రాజనర్సు వేళ్లు. అన్నిటి మధ్యా అదే తెలుపు, అదే వాసన. రాజనర్సు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. మల్లవ్వ చేతిలో నారు నలిగిపోయింది.

"మందన్న పెట్టుకోరాదా తమ్మీ," అని లేచాడతను.

కొంత దూరం నడిచి, వెనక్కి తిరిగి, పిడికిలెత్తి, "లాల్ సలాం అక్కలూ, గా మల్లవ్వ కొడుకు కనవడితె పోలీసు కొలువు ఇడిసిపెట్టుమనుండ్రి, లేకుంటె పానం దక్కది," అన్నాడు.