తోకకు సున్నం

స్వాతి కార్తె మూడో రోజున, చెరువు దాటించే కొంగల గుంపు చారలమ్మ అనే ఉడతకు అన్యాయం చేసింది. తమ గుర్తుగా ఆ గుంపు తోకలకు మోదుగుపూల ఎరుపు వేసుకుంటుంది. ఆ రోజు చారలమ్మ కొడుకును ఎక్కించుకున్న కొంగ, గట్టు దాటీ దాటగానే తుంగలో కూలి చచ్చింది.

చారలమ్మ పరుగున వచ్చేసరికి మిగతా కొంగలు చచ్చినదాని తోకకు సున్నం పూస్తున్నాయి. పిల్లవాణ్ణి వెతికే ముక్కు ఒక్కటీ లేదు.

“ఆ పూసేది మందా అన్నా?” అంది ఒక కొంగతో అయోమయంగా.

గుంపు తరఫున మాట్లాడే చిలుక ముందుకొచ్చింది. “మీ దుఃఖంలో మేమూ ఉన్నామమ్మా.”

“దుఃఖం తర్వాత పడదాం. నా కొడుకేడయ్యా?”

“ఏ కొంగ ఎక్కాడు?”

“మీ ఎర్రతోక కొంగే!”

“ఇక్కడ పడింది తెల్లతోకది కదమ్మా. నువ్వే చూడు.”

చూసింది. తెల్లగానే ఉంది. మరి పొద్దున తను చూసిందేమిటి? కళ్లెదుట సున్నం పూస్తున్నా, అంత తియ్యటి గొంతు అబద్ధమాడుతుందని ఆ పిచ్చితల్లికి తోచలేదు. “అయితే నా బిడ్డ వేరే కొంగ మీదున్నాడు!” అంటూ, తుంగలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని అవతలి గట్టుకు పరుగెత్తింది.

దిగిన ప్రతి కొంగనూ అడుగుతూ ఆమె అక్కడే నిలబడింది. స్వాతి వెళ్లి, విశాఖ కార్తె ఏడో రోజు దాకా నిలబడిందని వడ్రంగిపిట్ట తుమ్మ బెరడు మీద చెక్కిపెట్టింది.